కడప నుంచి ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం: రాతప్రతి నుంచి రెండో ముద్రణ దాకా నా అనుభవం

వ్యక్తిత్వ వికాసం మీద పుస్తకం రాసి అచ్చు వేయించుకోవాలని ఉన్నవారు మా జిల్లాలో నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారు. నా పుస్తకం బయటికి వచ్చాక వాళ్ల ఫోన్లు ఆగలేదు. ఎవరిని కలవాలి, ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన సంగతులన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. 2024 జూన్‌లో రాతప్రతి పూర్తయింది. 2025 నవంబరులో రెండో ముద్రణ చేతికి వచ్చింది. ఆ రెంటి మధ్య జరిగింది ఇదీ.

నేను కడపలో డీఎస్సీ, అంటే ప్రభుత్వ ఉపాధ్యాయ ఉద్యోగాల పరీక్ష, రాసే అభ్యర్థులకు గణితం చెబుతాను. 2018 డీఎస్సీ రాశాను, ఉద్యోగం రాలేదు. యెర్రముక్కపల్లిలో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకుని పాఠాలు మొదలుపెట్టాను. నా దగ్గర చదివేవారికి లెక్కలకన్నా ఎదురుచూపే కష్టం. నోటిఫికేషన్ ఈ నెల, వచ్చే నెల అంటూ ఏళ్లు గడుస్తాయి. పెళ్లికి వెళితే "ఇంకా చదువుతూనే ఉన్నావా?" అని బంధువులు అడుగుతారు. పరీక్ష ఫీజు కోసం నాన్న ముందు నిలబడాలి. తోటివాడికి ఉద్యోగం వచ్చిన రోజు పుస్తకం తెరవబుద్ధి కాదు. వారానికొకసారి ఇలాంటి ఒక్కో సంగతి తీసుకుని, దాన్ని ఎలా దాటవచ్చో ఒక పేజీ రాసి తలుపు పక్కన అంటించేదాన్ని. పిల్లలు వాటిని ఫోనులో ఫొటో తీసి ప్రొద్దుటూరులో, బద్వేలులో గదులు తీసుకుని చదివే స్నేహితులకు పంపేవారు. పుస్తకంగా వేయండి మేడమ్ అని మొదట అడిగింది వాళ్లే.

ఆదివారాలు బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని ఆ పేజీలన్నీ తిరగరాశాను. ఒకప్పుడు సి.పి.బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆ గ్రంథాలయం ఉంది. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు శుద్ధప్రతులు రాయించినవాడు, 1829లోనే వేమన పద్యాలను అచ్చు వేయించినవాడు. అచ్చు కోసం చేతి డబ్బు పెట్టడం ఈ ఊరికి కొత్త కాదని అక్కడ కూర్చున్నప్పుడల్లా ధైర్యం చెప్పుకునేదాన్ని.

2024 జూన్ 13న 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం జరిగింది. అంతకుముందు ఫిబ్రవరిలో వచ్చిన 6,100 పోస్టుల నోటిఫికేషన్ రద్దయింది. తరగతిలో ఒకటే సందడి. నా రాతప్రతి దాదాపు ఆ రోజుల్లోనే ముగిసింది. నోటిఫికేషన్ వచ్చేలోగా పుస్తకం వాళ్ల చేతుల్లో ఉండాలన్నది నా ఆశ.

మొదట ఇద్దరు ప్రచురణకర్తలకు పంపాను. ఒకరి నుంచి రెండు నెలలు దాటినా జవాబు రాలేదు. రెండోవారు మర్యాదగా మాట్లాడారు కానీ, రచయిత్రి మూడు వందల ప్రతులు కొనుక్కుంటేనే వేస్తామన్నారు. లెక్క వేసి చూశాను. ఆ మూడు వందల ప్రతులకు అయ్యే డబ్బుకు ఇంకొంత కలిపితే వెయ్యి ప్రతులు నేనే వేసుకోవచ్చు. వెల నా ఇష్టం, హక్కులు నావి. మీకూ ఇలాంటి జవాబే వస్తే, ఒప్పుకునేముందు ప్రెస్సులో ధర అడిగి తెలుసుకోండి. మిగతా ఆలోచన ఆ తర్వాత.

డబ్బు కోసం చీటీ పాడాను. లక్ష రూపాయల చీటీ, నెలకు ఐదు వేలు, ఇరవై మంది సభ్యులం. అవసరం నాది కాబట్టి పద్దెనిమిది వేలకు పాట దిగింది, 82,000 చేతికి వచ్చింది. మా ఆయన వద్దనలేదు. "పాప కాలేజీ ఫీజు కట్టే వేళకు సర్దుబాటు అయితే చాలు" అన్నారు. ఆ మాట ఆ ఏడాదంతా నా మనసులో నలుగుతూనే ఉంది.

జూలైలో డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పనికి, ఇచ్చాను. పేజీకి నలభై రూపాయలు. నేను కంప్యూటర్‌లో యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చాను కాబట్టి పని త్వరగా అవుతుందనుకున్నాను. మన వైపు డీటీపీ కేంద్రాలు చాలావరకు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లతోనే పని చేస్తాయి. యూనికోడ్ నుంచి అనులోకి మార్చగానే వత్తులు చెదిరిపోయాయి. "రాష్ట్రం", "స్త్రీ", "స్వాతంత్ర్యం" లాంటి మాటల్లో రావత్తు ఒక చోట, అక్షరం ఒక చోట పడ్డాయి. పొల్లు హల్లు తర్వాత వచ్చే అక్షరం దానికి అతుక్కుపోయి వత్తుగా మారింది. ప్రతి పేజీలో పదుల కొద్దీ ఇవే. ఇంతలో శ్రావణమాసం వచ్చింది. పెళ్లి పత్రికల పని నెత్తి మీద ఉంటే పుస్తకం ఎవరు ముట్టుకుంటారు? "పెళ్లి తేదీ ఆగదు కదా మేడమ్, పుస్తకం ఆగుతుంది" అన్నాడు డీటీపీ కుర్రవాడు. దాదాపు నెల రోజులు నా ఫైలు కదలలేదు. పుస్తకం పని పెట్టుకునేవారు ముహూర్తాలు లేని నెల చూసుకుని ఇవ్వడం మంచిది.

మొదటి ప్రూఫు నేనే చూశాను. రెండోది మా వీధిలో ఉండే విశ్రాంత తెలుగు పండితులు చూశారు. వయసు డెబ్బై దాటింది. డబ్బు తీసుకోనన్నారు, చివరికి పంచెల చాపు ఒకటి బలవంతం మీద తీసుకున్నారు. ప్రూఫు తిరిగి ఇస్తూ, "అక్షర దోషాలు ఎర్ర సిరాతో దిద్దాను. నీలం సిరాతో రాసినవి దోషాలు కావమ్మా, ప్రశ్నలు. వాటికి జవాబు నువ్వే చెప్పుకోవాలి" అన్నారు.

ఇంటికి వచ్చి చూశాను. మార్జిన్‌లో అక్కడక్కడా నీలం సిరాతో ఒకటే వాక్యం: "ఇది నువ్వు చేసి చూశావా?" రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేవండి అని రాసిన చోట. మీ లక్ష్యాన్ని రోజుకు పదిసార్లు రాయండి అన్న చోట. నిరాశను దగ్గరికి రానివ్వకండి అన్న చోట. ఆ రాత్రి పాప పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఆ వాక్యాలన్నీ మళ్లీ చదివాను. వాటిలో చాలావరకు నేను ఎక్కడో విన్నవే. నా జీవితంలోంచి గానీ నా పిల్లల జీవితాల్లోంచి గానీ వచ్చినవి కావు. ఆయన ఎక్కడ ప్రశ్న వేశారో అక్కడ నా భాష కూడా మారిపోయి ఉంది, ఉపన్యాసంలా ఉంది. అవునని చెప్పగలిగిన వాటిని ఉంచి మిగతావి కొట్టేశాను. నాలుగింటికి లేవమన్న పేజీ పోయింది. దాని బదులు, రాత్రి పది దాకా చీరలకు ఫాల్స్ కుట్టి, పగలు పిల్లలు బడికి వెళ్లాక రెండు గంటలు మాత్రమే చదివిన నా విద్యార్థిని సంగతి ఆమె అనుమతితో రాశాను. ఈ రంగంలోకి వచ్చేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: అలాంటి పెద్దవారు ఒకరు మీ రాతప్రతి చదివేదాకా అచ్చుకు ఇవ్వకండి.

కొట్టివేతలతో ఇంకో లాభం కలిగింది. పుస్తకం 152 పేజీలు వచ్చేది. అచ్చులో లెక్క ఫారాలలో ఉంటుంది, ఫారానికి పదహారు పేజీలు. 152 అంటే తొమ్మిదిన్నర ఫారాలు. ఆ అర ఫారానికి వేరే ప్లేట్లు, విడిగా అచ్చు, బైండింగులో విడిగా కలపడం, ఖర్చు పెరుగుతుంది. ఇప్పుడు సరిగ్గా 144కు, అంటే తొమ్మిది ఫారాలకు దిగింది.

అక్టోబరులో ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యకు, దరఖాస్తు చేశాను. ఈ సంఖ్య కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. పైసా ఖర్చు లేదు. రచయితలు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. నాకు ఆ సంగతి తెలియకముందు ఒక మధ్యవర్తి రెండున్నర వేలు అడిగాడు. గుర్తింపు పత్రం, చిరునామా రుజువు, ముఖచిత్రం బొమ్మ జతపరిచాను. దరఖాస్తులో రాసిన పేరు, ముఖచిత్రం మీది పేరు అక్షరం తేడా లేకుండా ఉండేలా ముందే సరిచూసుకోండి. మూడు వారాలకు పైగా ఎదురుచూశాక సంఖ్య వచ్చింది. ఆ పదమూడు అంకెలు ఫోనులో కనిపించినప్పుడు కళ్లు చెమర్చాయి. అప్పటిదాకా కాగితాల కట్టగా ఉన్నది అప్పుడు పుస్తకమైనట్లు అనిపించింది. కాపీరైటు నమోదు మాత్రం చేయించలేదు. రాసినప్పటి నుంచే హక్కు మనది, నమోదు తప్పనిసరి కాదు. కావాలనుకునేవారికి సాహిత్య రచనకు రుసుము ఐదు వందలు.

ముఖచిత్రం విషయంలో విజయవాడ పుస్తక వ్యాపారి ఒకాయనతో పెద్ద చర్చే జరిగింది. కొండ శిఖరం, ఉదయించే సూర్యుడు, చేతులు పైకెత్తిన మనిషి ఉండాలన్నారు. "ఆ వరుసలో ఉన్నవాటిని చూస్తూ వచ్చే పాఠకుడికి మీది కూడా ఆ కోవలోదే అని తెలియాలి కదమ్మా" అన్నారు. ఆయన అనుభవంతో అన్నమాటే, కాదనను. కానీ నా పాఠకులు కొండలెక్కేవారు కాదు. మంచం మీద టిఫిన్ డబ్బా, దాని కింద ఎగిరిపోకుండా పెట్టిన హాల్ టికెట్, అదీ నేను వేయించిన బొమ్మ. చిత్రకారుడికి నాలుగు వేలు ఇచ్చాను. ఆ బొమ్మ చూసి కొన్నామని చెప్పినవారు తర్వాత చాలామంది కలిశారు.

ఇంకొక నిర్ణయం కూడా అప్పుడే తీసుకున్నాను. అది నా జీవితాన్ని ఇంతగా మారుస్తుందని అప్పటికి తెలియదు. తెలుగు పుస్తకం తిప్పగానే రెండో పేజీలో "ప్రతులకు" అని చిరునామా, ఫోను నంబరు ఉంటాయి. పుస్తకాలు పంపేది నేనే కాబట్టి నా నంబరే వేశాను.

నవంబరు చివర విజయవాడలో ఒక ప్రెస్సుకు ఇచ్చాను. వెయ్యి ప్రతులు, డెమీ సైజు, డెబ్బై జీఎస్‌ఎం (చదరపు మీటరుకు డెబ్బై గ్రాములు తూగే) కాగితం, ప్రతికి 48 రూపాయలు. సగం ముందు, సగం సరుకు పంపేముందు. రెండు వందలే వేయించుకుందామని మొదట డిజిటల్ ముద్రణ అడిగితే ప్రతికి తొంభై దాటింది. వెల 150 పెట్టి, దుకాణాలకు నలభై అయిదు శాతం తగ్గింపు ఇస్తే మన చేతికి వచ్చేది 82 రూపాయల 50 పైసలు. కాబట్టి డిజిటల్ కుదరదు. పుస్తకానికి జీఎస్టీ లేకపోవడం ఒక్కటే ఈ లెక్కలో తేలిక.

డిసెంబరు నడిమికి లారీ పార్సిలులో ఇరవై అయిదు కట్టలు వచ్చాయి. ఆటోలో ఇంటికి తెచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో పసుపు కుంకుమలతో నిలబడి ఉంది. మొదటి కట్టకు బొట్టు పెట్టి, చదువు రాని ఆమె ఒక ప్రతి తీసుకుని కళ్లకద్దుకుంది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. కట్టలు విప్పి, ఒక్కో ప్రతి ముందు నుంచి వెనక్కి తిప్పుతూ కూర్చున్నాను. అలా తిప్పుతుంటే ఒక ప్రతిలో 80వ పేజీ తర్వాత మళ్లీ 65 కనిపించింది. అయిదో ఫారం రెండుసార్లు పడింది, ఆరోది అసలు లేదు. 81 నుంచి 96 దాకా మాయం. బైండింగులో ఫారాలు వరుసగా పేర్చేటప్పుడు జరిగే పొరపాటు ఇది. కట్టలన్నీ చూస్తే ముప్ఫైకి పైగా అలాంటివి తేలాయి. ప్రెస్సువారు మార్చి ఇచ్చారు కానీ వెనక్కి పంపిన రవాణా ఖర్చు నాదే. సరుకు రాగానే ప్రతి ప్రతినీ తిప్పి చూడండి. పదహారు పేజీలు లేని పుస్తకం పాఠకుడి చేతికి వెళితే అతను మళ్లీ మన పేరు నమ్మడు.

ఆ తర్వాతి దెబ్బ ఎవరూ ఊహించనిది. ముందే 170 రూపాయలు, అంటే వెల, తపాలా ఖర్చు కలిపి చాలామంది పంపి ఉన్నారు. పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే తపాలా సేవ రిజిస్టర్డ్ బుక్ పోస్టులో పంపాలన్నది నా లెక్క. 2024 డిసెంబరు 18 నుంచి ఆ సేవ ఆగిపోయింది. కవర్ల సంచితో కౌంటరు దగ్గరికి వెళితే, కంప్యూటర్‌లో ఆ వరుసే కనిపించడం లేదని అక్కడి ఉద్యోగి తెర నా వైపు తిప్పి చూపించారు. ఆయనకూ బాధగానే ఉంది. మామూలు పార్సిలుకు రెట్టింపుకు పైగా అవుతుంది. డబ్బు తీసుకున్నాక మళ్లీ అడగడానికి మనసు ఒప్పలేదు. తేడా నేనే పెట్టుకున్నాను. జిల్లాలో ఉన్నవారికి ఊరికి ఒక కట్ట చొప్పున బస్సులో వేసి, అక్కడ ఒక విద్యార్థి దింపుకుని పంచేలా ఏర్పాటు చేశాం. జమ్మలమడుగు, మైదుకూరు, రాజంపేట అలాగే చేరాయి.

ఆవిష్కరణ సభ పెద్దగా పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. హాలు అద్దె, శాలువాలు, ఫ్లెక్సీలు, అతిథుల ప్రయాణాలు అన్నీ కలిపితే రెండు వందల ప్రతుల అచ్చు ఖర్చు. మా తరగతి గదిలోనే ఒక ఆదివారం టీ, మిక్చర్‌తో జరుపుకున్నాం. ఫాల్స్ కుట్టే ఆ విద్యార్థిని పుస్తకం ఆవిష్కరించింది. తన గురించిన పేజీ తనే చదువుతానని నిలబడి, మధ్యలో గొంతు పట్టేసి, నీళ్లు తాగి మళ్లీ చదివింది. గదిలో ఎవరూ కదలలేదు.

ప్రచురించిన నెల రోజుల్లోగా నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలని 1954 నాటి చట్టం ఉంది: కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమెరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీలోని కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. సొంతంగా వేసుకునేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. పండితులు గుర్తు చేస్తే పంపాను.

2025 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లాను. ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో. నాకు స్టాలు లేదు, ఒక పంపిణీదారు తమ స్టాలులో ఒక మూల ఇరవై ప్రతులు పెట్టనిచ్చారు. ఆ మూలకు కాస్త దూరంగా నిలబడి మనుషులను చూశాను. పాఠకుడు పుస్తకం తీసుకుంటాడు, వెనక అట్ట మీద వెల చూస్తాడు, నడుమ ఎక్కడో ఒక పేజీ తెరిచి నాలుగు వాక్యాలు చదువుతాడు. ముందుమాట ఎవరు రాశారో చూసినవారు నాకు కనబడలేదు. ఆ నడిమి పేజీ ఏది తెరుచుకుంటుందో మన చేతిలో లేదు. నా పుస్తకంలో ప్రతి పేజీ ఆ పరీక్షకు నిలబడుతుందా అని ఆ సాయంత్రం గుండె దడదడలాడింది.

ఫిబ్రవరి, మార్చి నెలలు కష్టంగా గడిచాయి. నోటిఫికేషన్ రాలేదు. పిల్లలు నీరసపడ్డారు, పుస్తకమూ కదలలేదు. మంచం కింద, బీరువా పక్కన కట్టలే. చెదలు పడతాయని అత్తమ్మ రోజూ కింద చీపురుతో తడిమి చూసేది. మా పాప కట్టల మీద కూర్చుని హోంవర్కు చేసేది. ఒక కోచింగ్ సంస్థవారు వెనక అట్ట మీద తమ ప్రకటన వేస్తే రెండు వందల ప్రతులు ఒకేసారి కొంటామన్నారు. ఎంతో అవసరమైన సమయం. అయినా, లోపల నిదానంగా ఉండమని చెప్పి వెనక అట్ట మీద నూరు శాతం ఉద్యోగం అని వేయడం నాకు చేతకాదన్నాను. మా ఆయనకు చెబితే, "సరే, ఫీజు సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు.

ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు, పరీక్షలు జూన్ 6 నుంచి. ఏళ్ల తరబడి ఎదురుచూసినవారికి చేతిలో ఉన్నది నెలన్నర. ఆ వారం నుంచి నా ఫోను ఆగలేదు. ప్రతుల కోసం చేసినవారు కొందరే. మిగతావారు మాట్లాడటానికి చేశారు. అనంతపురం నుంచి ఒకాయన, వయసు నలభై దాటింది, ఇదే చివరి అవకాశమని చెప్పి చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు. ఆళ్లగడ్డ నుంచి ఒకామె, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే ఆడపడుచు మాటలు భరించలేకపోతున్నానంది. వాళ్లకు నేను రచయిత్రిని కాను. పుస్తకంలో తమ మాట రాసిన మనిషిని, అంతే.

మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక జమ్మలమడుగు వైపు నుంచి ఒక అబ్బాయి చేశాడు. పుస్తకం గురించి మొదలుపెట్టాడు. నాన్న తన చదువు కోసం రెండెకరాలు అమ్మాడని, ఈసారి రాకపోతే ఇంటికి వెళ్లనని అన్నాడు. ఎక్కడికి వెళతావంటే జవాబు లేదు. ఆ మౌనం నాకు భయం పుట్టించింది. నా పుస్తకంలోని ఏ పేజీ ఆ క్షణానికి సరిపోదని తెలిసింది. గదిలో ఎవరున్నారని అడిగాను. స్నేహితుడు ఉన్నాడన్నాడు. అతన్ని నిద్ర లేపించి అతనితో మాట్లాడాను, ఒంటరిగా వదలవద్దని చెప్పాను. తెల్లవారాక నాకు తెలిసిన డాక్టరు గారిని అడిగితే, మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 14416 నంబరు ఇచ్చారు. ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ అబ్బాయి చేత దానికి ఫోను చేయించాను, ఆ తర్వాత వాళ్ల నాన్నతోనూ మాట్లాడాను. "భూమి పోతే పోయిందమ్మా, వాడిని ఇంటికి రమ్మని చెప్పండి" అని ఆయన ఏడ్చారు.

డాక్టరు గారు నాతో ఒక మాట అన్నారు. ఇలాంటి పుస్తకం రాసి కింద ఫోను నంబరు వేసినవారు, ఎక్కడి దాకా తాము చూడగలరో, ఎక్కడి నుంచి వైద్యులకు అప్పగించాలో తెలుసుకుని ఉండాలి. చావు మాట వినిపిస్తే దాన్ని దాటవేయకుండా నేరుగా అడగాలి, పక్కన మనిషి ఉండేలా చూడాలి, సహాయం అందేదాకా వదలకూడదు. వ్యక్తిత్వ వికాసం మీద రాసే ప్రతి ఒక్కరూ కలం పట్టేముందు ఇది నేర్చుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఆ నెలలోనే మరో మంచి సంగతి. మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అనే తపాలా సేవ మొదలైంది. విద్యా, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు వర్తిస్తుంది. 300 గ్రాముల లోపు ఇరవై రూపాయలు, అయిదు కిలోల దాకా నూరు, పన్నులు అదనం. ఎక్కడిదాకా వెళ్లిందో ఫోనులో చూసుకోవచ్చు. నా పుస్తకం రెండు వందల గ్రాముల లోపే తూగుతుంది. పుస్తకం మీద ముద్రాపకుల పేరు గానీ ప్రచురణకర్త పేరు గానీ తప్పకుండా ఉండాలి. ఆ పేర్లుండే పేజీ వేయకుండా వదిలేసేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కళాశాలల నుంచి పిలుపులు కూడా అప్పుడే మొదలయ్యాయి. వ్యక్తిత్వ వికాసం మీద రెండు గంటలు మాట్లాడమంటారు. బస్సు చార్జీ ఇచ్చినవారు తక్కువ, శాలువా కప్పినవారు ఎక్కువ. పుస్తకాలు అమ్ముకోనిస్తేనే వస్తానని ఇప్పుడు ముందే చెబుతున్నాను. ఎవరూ తప్పుపట్టలేదు.

పరీక్షలు జూలై 2న ముగిశాయి. సెప్టెంబరు 25న అమరావతిలో ఎంపికైనవారికి నియామక పత్రాలు ఇచ్చారు. ఫాల్స్ కుట్టే నా విద్యార్థిని వాటిలో ఒకటి అందుకుంది. మర్నాడు నేరుగా మా ఇంటికి వచ్చి అత్తమ్మ కాళ్లకు దండం పెట్టింది. అనంతపురం ఆయనకు రాలేదు. జమ్మలమడుగు అబ్బాయికీ రాలేదు. అతను ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తూ, సాయంత్రాలు చదువుతున్నాడు. "రానివాళ్ల కోసం మీ పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు మేడమ్" అని ఒక రోజు ఫోను చేసి చెప్పాడు. నిజమే. ఫలితం వచ్చిన మర్నాడు ఏం చేయాలో, ఇంట్లో ఎవరితో మొదట మాట్లాడాలో, ఫోను ఎప్పుడు ఆపేయాలో అతను చెప్పిన మాటలతోనే ఒక అధ్యాయం రాశాను. 144 పేజీలు దాటకూడదు కాబట్టి వేరే రెండు వ్యాసాలు తీసేశాను.

లెక్క కూడా చెబుతాను. డీటీపీ, ముఖచిత్రం, అచ్చు, రవాణా, తపాలా తేడా, అన్నీ కలిపి 63,000 దాకా అయ్యాయి. నేరుగా అమ్మినవి 460 ప్రతులు, విద్యార్థులకు తగ్గించి ఇచ్చినవి పోను 60,000 దాకా వచ్చాయి. పంపిణీదారుల ద్వారా 400 పోయాయి, 33,000 రావాలి, ఇప్పటికి 21,000 వచ్చాయి. మూడు నెలలకని చెప్పిన లెక్క ఆరు నెలలకు తేలుతుంది, అది ఈ వ్యాపారంలో మామూలేనట. నూరు ప్రతులు ఉచితంగా ఇచ్చాను. నలభై ప్రతులు అట్టలు నలిగి వెనక్కి వచ్చాయి. మిగిలింది చూస్తే, చీటీ పాటలో పోయిన పద్దెనిమిది వేలు వెనక్కి వచ్చాయి. రావాల్సిన పన్నెండు వేలు వస్తే అదే లాభం.

రెండో ముద్రణ అయిదు వందలు వేయించాను, వెల 160. రెండో పేజీలో "ప్రతులకు" కింద నంబరు ఇప్పటికీ నాదే. దాని పక్కన సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు అని వేయించాను, దాని కింద పెద్ద అంకెలతో 14416 ఉంది. రాత్రి వచ్చే ఫోన్లు తగ్గాయి కానీ ఆగలేదు, వచ్చినప్పుడు ఎత్తుతున్నాను. ఆళ్లగడ్డ ఆమె లాంటి గృహిణుల కోసం రాస్తున్న రెండో పుస్తకం సగం పండితుల దగ్గర ఉంది. ఈసారి నీలం సిరా ఎక్కువే పట్టేలా ఉందన్నారు. మాఘమాసంలో పెళ్లి పత్రికల పని మొదలైతే మళ్లీ నెల ఆగాలి కాబట్టి, సంక్రాంతి లోపలే ఫైలు ఇమ్మని డీటీపీ కుర్రవాడు ఇప్పటికే చెప్పాడు.